నొప్పి లేని పళ్లకి 2,400 పెట్టాలా?

ప్రశ్న: మాది పలాస. మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకి 24 వేలు వస్తుంది. పాపకి పదకొండేళ్లు. కింది దవడపన్ను పుచ్చింది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అని మూడు వారాలు మందుల షాపులో నొప్పి బిళ్లలు తెచ్చి వేశాం. చివరికి రూట్ కెనాల్, కేప్ కలిపి 8,500 అయింది. శ్రీకాకుళం నాలుగుసార్లు తిరిగాం. డ్వాక్రా సంఘంలో తీసుకున్న డబ్బు దానికే పోయింది. ఇప్పుడు ఆరున్నరేళ్ల బాబుకి నాలుగు దవడపళ్ల మీద సీలెంట్ పూత వేయించమని అదే డాక్టరు అంటున్నారు. పంటికి 600 చొప్పున 2,400. వాడికి నొప్పే లేదు. ఇది అవసరమా, ఆ డబ్బు చీటీలో వేసుకోమంటారా? పళ్లకి ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, ముందు మీ లెక్క సరిచేద్దాం. 8,500 అని రాశారు. శ్రీకాకుళం వెళ్లిన నాలుగు రోజులూ మీ మిషను ఆగింది కదా. రోజుకి 400 చొప్పున వేసుకున్నా 1,600 పోయింది. బస్సు మీకూ పాపకీ ఉచితమే అయినా కాంప్లెక్సు నుంచి ఆటో, మధ్యాహ్నం భోజనం కలిపి రోజుకి 150 అనుకోండి, ఇంకో 600. మొత్తం 10,700. మీ ఇంటి నెల రాబడిలో సగానికి కాస్త తక్కువ, ఒక్క పంటికి.

ఆ పన్ను పాలపన్ను కాదని ఈపాటికి డాక్టరు చెప్పే ఉంటారు. ఆరో ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, దవడ చివర చప్పుడు లేకుండా వచ్చే పన్ను అది. అందుకే చాలామంది తల్లులకి అది కొత్త పన్నని తెలియదు. మిమ్మల్ని మీరు నిందించుకోకండి. కానీ అది పోతే దాని చోట ఇంకోటి రాదు. బాబుకి ఇప్పుడు వస్తున్నవి సరిగ్గా ఆ నాలుగే.

ఈ రోజు వాణ్ని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి, సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. దవడపన్ను పైన, కొత్తగా గంట్లు పెట్టిన తిరగలి రాయిలా గాడులు కనిపిస్తాయి. ఆ గాడులు బ్రష్ పోచ కంటే సన్నం. ఎంత తోమినా అడుగుకి అందదు. సీలెంట్ అంటే ఆ గాడుల్ని పల్చటి రెజిన్‌తో, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పూడ్చేయడం. సూది మందు అక్కర్లేదు, పన్ను తొలిచే పనీ లేదు. దవడపళ్లలో వచ్చే పుచ్చుల్లో 80 శాతాన్ని ఈ పూత రెండేళ్లపాటు, 50 శాతాన్ని నాలుగేళ్ల దాకా ఆపుతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

దీన్ని మీ రూపాయల్లోకి మారుద్దాం. 10,700లో 80 శాతం అంటే 8,560. దానికి మీరు పెడుతున్నది 2,400, అంటే 28 శాతం. బాబు నాలుగు దవడపళ్లలో ఒక్కటైనా అక్క పన్నులా పాడయ్యే అవకాశం నూటికి 28 దాటితే పూత గిట్టుబాటు అన్నమాట. ఒకే ఇల్లు, ఒకే తిండి, అక్కకి ఇప్పటికే ఒకటి పోయింది. నేనైతే 28 దాటుతుందనే అనుకుంటాను.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచను. ప్రతి పుచ్చూ రూట్ కెనాల్ దాకా పోదు. ఆర్నెల్లకోసారి చూపిస్తే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది, ఫిల్లింగుతో తేలిపోతుంది. ఫిల్లింగుకి ఎంత తీసుకుంటారో మీ డాక్టర్ని అడగండి. అది వెయ్యి లోపే ఉండి, ఏడాదికి రెండుసార్లు తప్పకుండా చూపిస్తామంటే పూత లేకుండా కూడా నెగ్గుకురావచ్చు. కానీ కుట్టుపని మానుకుని, నొప్పి లేని పిల్లాణ్ని శ్రీకాకుళం బస్సెక్కిస్తారా? చాలా ఇళ్లలో జరగని పని అది. అందుకే వేయించమంటున్నాను. అయితే నాలుగూ ఒకేసారి అక్కర్లేదు. ఆరున్నరేళ్లకి కొన్ని పళ్లు ఇంకా చిగురులోంచి పూర్తిగా బయటికి రాకపోవచ్చు, అలాంటి పంటి మీద పూత నిలవదు. వచ్చినవాటికి ఇప్పుడు, మిగతావాటికి ఆర్నెల్ల తర్వాత. ఖర్చు కూడా 1,200 చొప్పున రెండు ముక్కలవుతుంది. డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో ఇదే పనికి ఎంతో కూడా కనుక్కోండి.

పూత కంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి, వాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పిల్లలకి ఒకసారికి బఠాణీ గింజంత పేస్టు చాలు, పావు గ్రాము ఉంటుంది. రోజుకి రెండుసార్లు తోమినా ఏడాదికి 182 గ్రాములు, అంటే వంద గ్రాముల ట్యూబులు రెండు. టీవీ ప్రకటనలో బ్రష్ పొడవునా పరిచినట్టు పరిస్తే అమ్మేవాడికే లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి పేస్టు, బ్రష్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్యూబులు, మూడు నెలలకో బ్రష్ కలిపి ఒక్కొక్కరికి ఏడాదికి 250 వేసుకోండి. పెట్టె మీద ఫ్లోరైడ్ (పంటిని గట్టిపరిచే ఖనిజం) అని, దాని మోతాదు 1000 పీపీఎం దగ్గర అంకె ఉందో లేదో చూసి కొనండి. మూలికల పేస్టుల్లో చాలావాటికి అది ఉండదు. తోమాక ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పుక్కిలించొద్దు.

ఇక తీపి. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, అరగంట పైనే పన్ను కరుగుతుంది. తర్వాత లాలాజలం సర్దుకుంటుంది. కాబట్టి ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. మామిడి తాండ్ర ముక్క జేబులో పెట్టుకుని బడి అయ్యేదాకా చప్పరించే పిల్లాడికి పొద్దంతా ఆమ్లమే. అదే తాండ్ర అన్నంతో పాటు తినేస్తే ఒక్కసారితో పోతుంది. కొట్టుకి రోజూ చెరో అయిదు రూపాయలు ఇస్తుంటే నెలకి 300, ఏడాదికి 3,600. పూర్తిగా మానిపించమనను, పిల్లలు కదా. సగం రోజులు మీ ఊరి ముక్క జీడిపప్పు ఇవ్వండి. మిగిలే 150తో పళ్ల ఖర్చు చాలావరకు వెళ్లిపోతుంది.

ఆ మూడు వారాల నొప్పి బిళ్లల సంగతి డబ్బు కోసం చెప్పడం లేదు. మీది ఉద్దానం ప్రాంతమే. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో మీకు నాకంటే బాగా తెలుసు. నొప్పి బిళ్లలు రోజుల తరబడి వాడితే కిడ్నీలకి చెరుపు. డాక్టరు రాయకుండా పిల్లలకి ఇంకెప్పుడూ అలా వేయకండి.

ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగా: మామూలు ఆరోగ్య పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యానికి ఇవ్వవు. దానికోసం వేరే పాలసీ కొనొద్దు. చీటీలో కూడా వద్దు, కావలసిన నెలలో పాట మీకే వస్తుందని లేదు. బ్యాంకులో పొదుపు ఖాతా ఒకటి విడిగా పెట్టి నెలకి 300 వేయండి. పేస్టులు, బ్రష్‌లకి 500, ఇద్దరికీ రెండేసి చూపులకి 200 చొప్పున 800, పూతకి 2,400. మొదటి ఏడాది 3,700, తర్వాత ఏటా 1,300. సంఘం డబ్బు ఇకనైనా మీ మిషను మీద పెట్టుకోండి.

పిల్లలు సర్కారు బడిలో చదువుతుంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికొచ్చే వైద్య బృందం పళ్లు కూడా ఉచితంగా చూస్తుంది. ఎప్పుడు వస్తారో హెడ్మాస్టరుని అడిగి, ఆ రోజు ఇద్దర్నీ బడి మానిపించకండి. పాపకి పన్నెండు దగ్గర పడుతోంది, వెనకాల ఇంకో నాలుగు దవడపళ్లు వస్తాయి. అవి కనిపించగానే డాక్టరు ఏమన్నారో, ఎంత చెప్పారో నాకు మళ్లీ రాయండి.