నాటుగుడ్డా, ఫారం గుడ్డా? ముందు ఆ గోళీల పేరు చెప్పండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఫారం కోళ్లను ఇరుకు బోనుల్లో పెట్టి, ఇంజెక్షన్లు చేసి గుడ్లు పెట్టిస్తారని విన్నాం. అందుకే రెండు నెలలుగా అంగడిలో మూడింతల ధర పెట్టి నాటుకోడి గుడ్లు కొంటున్నాం. మా అత్తమ్మకు 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఇంకా బీపీ గోళీ వాడతారు. బలమని పొద్దున్నే పచ్చి నాటుగుడ్డు పాలలో కొట్టుకుని తాగుతారు. పోయిన నెలలో రెండుసార్లు విరేచనాలయ్యాయి, ఒకసారి జ్వరం కూడా వచ్చింది. మెడికల్ షాపులో గోళీలు తెచ్చి వేస్తే తగ్గింది. బోను కోళ్ల గుడ్లు నిజంగా మంచివి కావా? పచ్చసొన ఎర్రగా ఉంటేనే బలమా?
– ఒక పాఠకురాలు

జవాబు: కోళ్ల సంగతి తర్వాత చెబుతాను. ఏం గోళీలమ్మా అవి? పేరు రాయలేదు. షాపులో "మోషన్స్‌కు ఇవ్వండి" అని అడిగితే మన దగ్గర తరచూ చేతిలో పెట్టేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన గోళీ. దానికి తోడు మోషన్ కట్టేసే లోపెరమైడ్ ఒకటి. ఆఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్. గ్లిమెపిరైడ్ వాడే పెద్దవాళ్లకు ఈ రకం మందు ఇస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. పైగా విరేచనాల రోజున ఆమె సరిగా తిని కూడా ఉండరు. రాత్రిపూట చెమటలు పట్టి మాట తడబడితే, నీరసమేలే అని ఇంట్లోవాళ్లు పడుకోబెడతారు. అలా పడుకోబెట్టి తెల్లారి ఆటోలో తెచ్చినవాళ్లను నేను చూశాను. ఇక లోపెరమైడ్: జ్వరం ఉన్నప్పుడు, మలంలో రక్తం పడుతున్నప్పుడు అది వేయకూడదు.

కోడికి ఏం మందు ఎక్కించారో అన్న భయంతో మూడింతల ధర పెట్టారు. అత్తమ్మకు ఏం మందు వేశారో మాత్రం మీకు గుర్తులేదు. కోపంతో అనడం లేదు, రోజూ ఓపీలో ఇదే కథ.

ఆమె వయసుకు, షుగర్‌కు యాంటీబయాటిక్ నిజంగానే అవసరమై ఉండొచ్చు. ఏది, ఎన్ని రోజులు అన్నది చూసి చెప్పాలి. అంతకంటే నాకు కిడ్నీల భయం ఎక్కువ. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, కొన్ని రకాల బీపీ గోళీలు మామూలుగా వేసుకుంటూ పోతే ఇబ్బంది రావచ్చు. ఆపాలా, తగ్గించాలా అన్నది ఆమెను చూసే డాక్టర్‌ను ఆ రోజే ఫోన్‌లోనైనా అడగండి. ఈ జవాబు చదివి మీరే ఆపేయకండి. షుగర్ ఉంది కదా అని ఓఆర్‌ఎస్ ఇవ్వడానికి భయపడతారు. విరేచనాలు అవుతుంటే ఇవ్వాలి. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. చిన్న ప్యాకెట్లూ వస్తున్నాయి, కాబట్టి మీద రాసిన కొలత చూసుకోండి. మూత్రం తగ్గినా, నిలబడితే తల తిరిగినా, రక్తం పడినా, జ్వరం ఒక రోజు దాటినా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇదంతా గుడ్డు వల్లే అని నేను చెప్పలేను. మెట్‌ఫార్మిన్‌తో కూడా విరేచనాలు అవుతాయి, ముఖ్యంగా డోసు పెంచిన కొత్తలో. జ్వరం మాత్రం దాని వల్ల రాదు. పచ్చిగుడ్డు రోజూ తాగే ఇంట్లో జ్వరంతో విరేచనాలు అంటే సాల్మొనెల్లా అనే క్రిమిని అనుమానించక తప్పదు. అది కడుపులోకి చేరిన 6 గంటల నుంచి మూడు రోజుల లోపు బయటపడుతుంది.

ఇప్పుడు బోనుల గురించి. బోను అడుగున వాలుగా తీగల జాలీ ఉంటుంది. పెట్టిన గుడ్డు ముందుకు దొర్లిపోతుంది, రెట్ట కిందికి రాలిపోతుంది. అందుకని పెంకు మీద మురికి తక్కువ. ఊక పరిచిన షెడ్డులో గూట్లో కాకుండా నేల మీద పెట్టిన గుడ్డుకు తడి ఊక, రెట్ట అంటుకుంటాయి. మన పల్లె కోడి పెంటకుప్ప తవ్వి, మోరీ నీళ్లు తాగి, గంప కిందో బస్తాల సందులోనో పెడుతుంది. దాన్ని వారం పాటు పోగేసి అంగడికి తెస్తారు. నాటుగుడ్డును పచ్చిగా తాగొచ్చన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. బోను గుడ్డుకూ గ్యారంటీ లేదు. ఒక రకం సాల్మొనెల్లా కోడి అండాశయంలోనే చేరి, పెంకు కట్టకముందే గుడ్డు లోపలికి వెళ్తుంది. నీళ్లలో వేస్తే మునిగింది, తాజాదే అంటారు. అది గుడ్డు ఎన్నాళ్లదో చెబుతుంది, క్రిమి సంగతి చెప్పదు.

పోషకాల విషయానికొస్తే, ఎండలో తిరిగి గడ్డీ పురుగులూ తిన్న కోడి గుడ్డులో విటమిన్ డి, ఇ, ఒమేగా-3 కొంత ఎక్కువ ఉంటాయి. ప్రొటీన్, కొలెస్ట్రాల్‌లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్, 200 మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ కొలెస్ట్రాల్ ఉంటాయి. నాటుగుడ్డు సైజే చిన్నది, ధర లెక్క మీరే వేసుకోండి. పచ్చసొన ఎరుపు మేతను బట్టి వస్తుంది. మక్కలు, ఆకులు, దాణాలో కలిపే బంతిపూల పొడి, ఏదైనా ఆ రంగు తెస్తుంది. పెంకు రంగు జాతిని బట్టి ఉంటుంది.

గుడ్లు పెట్టించడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్నది అపోహ. కోళ్లకు వేసే సూదులు ఎక్కువగా కొక్కెర తెగులు లాంటి వాటికి టీకాలు. యాంటీబయాటిక్స్ మీద మీ అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయను. ఐసీయూలో మిగతావేవీ పనిచేయనప్పుడు మేం వాడే కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలోనూ కలిపేవారు. 2019లో కేంద్రం దాన్ని నిషేధించింది. బోనులో కోడి బతుకు చూసి మీకు బాధ కలిగితే అది న్యాయమే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పాత తరహా ఇరుకు బోనులపై 2012 నుంచి నిషేధం ఉంది. అది మీ మనసుకు సంబంధించిన నిర్ణయం, అందులో డాక్టర్‌గా నేను చెప్పేదేం లేదు.

అత్తమ్మకు ఏ గుడ్డైనా పెట్టండి, పచ్చసొన గట్టిపడేదాకా 10–12 నిమిషాలు ఉడికించి పెట్టండి. పచ్చిగా తాగితే అందులోని ప్రొటీన్ సగమే ఒంటికి పడుతుంది, ఉడికిస్తే 90 శాతం దాకా పడుతుంది. కాబట్టి బలం మాట కూడా నిలవదు. రోజుకు ఎన్ని అన్నది ఆమె లిపిడ్ (కొలెస్ట్రాల్) రిపోర్టు చూసినవాళ్లు చెప్పాలి. పగుళ్లున్న గుడ్లు చవకగా ఇచ్చినా తేవద్దు. ఎండలు ముదిరితే కోళ్లు రొప్పుతూ పలచటి పెంకు గుడ్లు పెడతాయి, అప్పుడు పగుళ్లు ఇంకా ఎక్కువ. కొనగానే కడిగి దాచకండి, పెంకు మీది సహజమైన పొర పోతుంది. వండే ముందు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఈ వారంలోనే ఆమెకు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), సోడియం, పొటాషియం చూపించండి. నెలలో రెండుసార్లు విరేచనాలయ్యాయని డాక్టర్‌కు విడిగా చెప్పండి, మలపరీక్ష అవసరమో కాదో వారు చూస్తారు. వెళ్లేటప్పుడు ఆ షాపు గోళీల స్ట్రిప్ పట్టుకెళ్లండి, ఖాళీదైనా సరే.

– జనరల్ ఫిజీషియన్, హనుమకొండ