లప్పం కింద ఏముందో చూడు

చిన్నా,

కమ్యూనిటీ కాలేజీలో కొలిజన్ రిపేర్, అంటే గుద్దుకున్న కార్ల బాడీ బాగుచేసే కోర్సులో చేరావని మీ అమ్మ ఫోన్ చేసింది. "అందరి పిల్లలూ కోడింగ్ అంటుంటే వీడు టింకరింగ్ అంటాడేంటన్నయ్యా" అని ఏడ్చినంత పని చేసింది. ఆ టింకరింగే నాకు ముప్పై ఏళ్లుగా కూడు పెడుతోందని గుర్తుచేశాను. ఆవిడ సంగతి నాకొదిలెయ్.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. మా మేస్త్రి మొదట సుత్తి ముట్టుకోనివ్వలేదు. బానెట్ మీద పలచటి గుడ్డ వేసి, అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని అటూ ఇటూ జరపమన్నాడు. కంటికి ఆనని సొట్ట చేతికి తగులుతుంది. అది నాకు పట్టుబడడానికి నెల పట్టింది. మీ కాలేజీలో గైడ్ కోట్ అని నల్ల పొడి రాయిస్తారు. గరుకు కాగితం చుట్టిన బ్లాక్ పెట్టి రుద్దితే పల్లం ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. అది వాడు, కానీ ముందు చేత్తో తడిమి, పల్లం ఇక్కడుందని గీత గీసుకో. తర్వాత నీ గీతా ఆ నలుపూ కలిశాయో లేదో చూసుకో.

అయితే చెయ్యి ఒక్కటే చాలదు. ఇది అమెరికా వచ్చాక ఆలస్యంగా తెలిసింది నాకు. ఆటోనగర్‌లో ఏ రేకైనా ఎర్రగా కాల్చి వంపు తీసేవాళ్లం. ఇప్పుడు చాలా కార్లలో బి పిల్లర్‌కి, అంటే ముందు వెనక తలుపుల మధ్య ఉండే నిలువు స్తంభానికి, బోరాన్ స్టీల్ అనే బాగా గట్టి ఉక్కు వాడుతున్నారు. దాన్ని కాల్చితే బలం పోతుంది. పైకి నున్నగానే ఉంటుంది, అదే ప్రమాదం. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు బాడీ 2015 నుంచి అల్యూమినియం. స్టీలు మీద వాడిన బ్రష్ దానికి తగలనివ్వకు. స్టీలు రజను అంటుకుంటే పెయింట్ కింద తినేసుకుపోతుంది. అందుకే కారు రాగానే ఆ కంపెనీ రిపేర్ ప్రొసీజర్ తీసి చదువు.

2017లో డాలస్ జ్యూరీ ఒక బాడీ షాపు 3 కోట్ల 15 లక్షల డాలర్లు కట్టాలంది. స్పాట్ వెల్డింగ్ చేయాల్సిన హోండా ఫిట్ పైకప్పుని గమ్‌తో అతికించారు. ఆ రిపేరు సంగతే తెలియకుండా కారు కొనుక్కున్న భార్యాభర్తలు యాక్సిడెంట్‌లో ఘోరంగా దెబ్బతిన్నారు. ఫ్లాట్ రేట్ జీతంలో, అంటే ఎంతసేపట్లో చేసినా పనికి ముందే లెక్కగట్టిన గంటలకే డబ్బిచ్చే పద్ధతిలో, అలా అడ్డదారిలో పని తేల్చేయాలన్న ఆశ నీకూ పుడుతుంది. పది గంటల పని ఆరు గంటల్లో లాగేస్తే నాలుగు గంటలు లాభం కదా మరి!

గడ్డం ఫొటోలో చూశాను, ముచ్చటగా ఉంది. తీసెయ్. గడ్డం ఉంటే పెయింట్ కొట్టేటప్పుడు పెట్టుకునే మాస్కు ముఖానికి అతుక్కోదు. రంగు మీద కొట్టే మెరుపు పూత క్లియర్ కోట్‌ని గట్టిపరిచే హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. వాటివల్ల ఆస్తమా పట్టుకుందంటే ఆ తర్వాత కాస్త తగిలినా ఊపిరాడదు. నాతో పనిచేసిన మంచి పెయింటర్ ఒకడు ఇప్పుడు పెయింట్ కొట్టే బూత్ ఛాయలకే పోలేడు. గాలి గొట్టంతో వచ్చే మాస్కు ఉందా అని మీ సారుని మొదటివారమే అడుగు.

వ్యాన్‌లో టూల్స్ అమ్మేవాడు పెద్ద డబ్బా చూపించి వారం వారం కట్టుకోమంటాడు. నేను రెండేళ్లు ఆ కిస్తీలకే చాకిరీ చేశాను. నువ్వు కొనకు. ఇప్పుడే ఏదైనా షాపులో చేరు, ఊడ్చే పనైనా సరే. ఇక్కడ మెకానిక్‌లకిచ్చే ఏఎస్ఈ సర్టిఫికెట్‌కి రెండేళ్ల అనుభవం అడుగుతారు, చదువుకి ఏడాది వరకూ కలుపుతారు.

సుత్తి, డాలీలు (సుత్తితో కొట్టేటప్పుడు రేకు వెనక ఆనించే ఇనప దిమ్మలు) కూడా కొనొద్దు. సంక్రాంతికి వస్తావుగా, నావి ఇస్తాను. అందులో ఒక డాలీ ఆటోనగర్‌ది, మూల కొంచెం అరిగింది.

మీ మామయ్య