చంటిదాని తలంటు గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బడులు తెరిచేలోగా చంటిదాని జుట్టు పొట్టిగా కత్తిరించేద్దామని మీ అత్తగారు అంటే నువ్వు ఒప్పుకోలేదనీ, ఇకమీదట దాని తలంటు ఎవరికీ అప్పగించకుండా నువ్వే పోస్తానన్నావనీ మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రింగుల జుట్టు మీ నాన్నమ్మది. ఆవిడ నుంచి నాకు, నా నుంచి మీ వదినకు వచ్చి, మీ నాన్నకు రెండు నొక్కులు మాత్రం విదిలించి, నిన్ను పూర్తిగా దాటిపోయి, ఇప్పుడు నీ కూతురి నెత్తిన తేలింది. దాన్ని కాపాడాలని నీకు తోచినందుకు ఎంతో గర్వపడ్డాను. కానీ నీది సాఫీగా జారే జుట్టు కాబట్టి, నీ తల దువ్వుకునే పద్ధతినే దాని తల మీద ప్రయోగిస్తావేమోనన్న భయంతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తెలిసిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. తలంటుకు గంట ముందు గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించు. అది వెంట్రుక లోపలికి ఇంకి, రుద్దేటప్పుడు జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది. రింగుల జుట్టులో మాడు మీది జిడ్డు కొసల దాకా జారదు, కాబట్టి నూనె కొసలకే ఎక్కువగా చేరాలి. నీళ్ళు మరీ వేడిగా ఉండకూడదు. కుంకుడు రసం కంట్లో పడకుండా దాని తల వెనక్కి వాల్చి పోయాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. తడిసిన వెంట్రుక ఉబ్బి, సాగి, పొడి వెంట్రుక కంటే తేలిగ్గా తెగుతుంది. అందుచేత నీలాంటి వాళ్ళు కాస్త ఆరాక దువ్వుకోవడం సబబే. రింగుల జుట్టు ఆరిందంటే మాత్రం ప్రతి చుట్టూ పక్క చుట్టుతో పెనవేసుకుంటుంది, అప్పుడు దువ్వితే కుదుళ్ళ దాకా లాగుతుంది. కాబట్టి దాని చిక్కు తడిగా ఉన్నప్పుడే, అదీ మందారాకుల జిగురు పుష్కలంగా పట్టించాకే తీయాలి.

ఇది నేను తెలుసుకున్న విధం చెప్పకుండా ఉండలేను. 1986 వేసవిలో మీ వదినకు ఏడో ఏడు, అమ్మవారు, అదే ఆటలమ్మ, పోసింది. ఆ రోజుల్లో మన ఇళ్ళలో అమ్మవారు పోసిన పిల్లకు నూనె రాసేవారు కాదు, దువ్వెన తాకించేవారు కాదు. వేపమండలు పరిచిన పక్క మీద పడుకోబెట్టి, నీళ్ళు పోసే రోజు కోసం ఎదురుచూసేవారు. పదమూడు రోజుల పాటు ఆ జుట్టు దిండుకు రాసుకుని, చెమటకు తడిసి ఆరి, మెడ వెనక వేపాకు తునకలతో సహా అరచేతి వెడల్పున అట్ట కట్టింది. నీళ్ళు పోసే రోజున అమ్మవారికి నైవేద్యం పెట్టి రావలసిన వేళ మించిపోతోందని ఇంట్లో అందరూ నా మీద కేకలు వేస్తున్నారు. నేను ఆ తొందరలో వేపాకు కాచిన నీళ్ళు కుమ్మరించి, జుట్టంతా నడినెత్తికి పోగుచేసి, కుంకుడు రసం పోసి, బట్ట ఉతికినట్టు రుద్దాను. వెంట్రుక పైన చేప పొలుసుల వంటి సన్నని పొర ఉంటుందనీ, తడి మీద రుద్దితే ఆ పొలుసులు ఒకదానికొకటి తగులుకుని ఉన్ని కంబళిలా బిగుసుకుంటాయనీ నాకు అప్పుడు తెలియదు. అట్ట కాస్తా ముద్ద అయింది. నేను అక్కడితో ఆగానా? సన్నపళ్ళ దువ్వెన అందుకుని కుదుళ్ళ నుంచి కిందికి లాగాను, దాంతో పై చిక్కులన్నీ దిగి కింది ముడిలో చేరాయి. మానీ మానని పొక్కుల మీద చెక్కులు ఊడి నెత్తురు చిమ్మింది. పిల్ల నా చేయి కొరికింది. పదమూడు రోజులు జ్వరపడి లేచిన పిల్లను నేను వీపు మీద కొట్టాను. ఆ తరువాత కత్తెర తెచ్చి ఆ ముద్దను మెడ దగ్గరికి కత్తిరించేశాను.

జుట్టు ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. కానీ ఆదివారం పొద్దున నేను పెరట్లో రాయి మీద కుంకుడుకాయలు కొట్టే చప్పుడు వినగానే మీ వదిన మంచం కిందికి దూరేది. ఈనాటికీ అది జుట్టు చెవులు దాటనివ్వదు. అదే హాయిగా ఉందని నవ్వుతుంది, నేనూ ఇంకేమీ అడగను.

కనుక చంటిదాన్ని కూర్చోబెట్టే ముందు గడియారం వైపు చూడకు. బడి ఉన్న రోజున తలంటు వద్దు. మొదట నూనె మీదనే వేళ్ళతో పెద్ద పెద్ద ముడులు విప్పు. కుంకుడు రసం మాడుకు మాత్రమే పట్టించి, వేళ్ళ కొసలతో కదిలించు; జుట్టును నెత్తి మీదికి పోగుచేయనే వద్దు, కిందికి జారే నురగే కొసలకు సరిపోతుంది. కడిగిన తరువాత జుట్టు పట్టుకుంటే గరగరలాడుతుంది, అప్పుడు దువ్వెన ముట్టుకుంటే నా మీద ఒట్టు. పిడికెడు మందారాకులు నీళ్ళలో నలిపి, వడకట్టి, ఆ జిగురు ధారాళంగా పట్టించు. నీ దగ్గర కండిషనర్ ఉంటే అదీ మంచిదే, నాకేమీ పట్టింపు లేదు. జుట్టును ఆరు పాయలు చేసి, ఒక్కొక్క పాయను చిక్కుకు పైన పిడికిలితో బిగించి పట్టుకుంటే ఆ లాగుడు మాడుకు చేరదు. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి, అవి సాఫీ అయ్యాక నాలుగు వేళ్ళ మేర పైకి జరుగుతూ వెళ్ళు. పాయ పూర్తికాగానే మెలిపెట్టి పక్కన పెట్టు. అది ఏడిస్తే ఆపు. రెండు పాయలు మిగిలిపోయినా సరే, సాయంత్రం మళ్ళీ తడిపి తీయవచ్చు.

దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయని బెంగపడి నాకు ఫోన్ చేయకు. పెద్దవాళ్ళకు రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకల దాకా రాలడం మామూలే. రింగుల జుట్టులో అవి కింద పడకుండా చుట్టల్లోనే ఉండిపోయి, వారానికొకసారి ఒక్కుమ్మడిగా దువ్వెనలోకి వస్తాయి.

తువ్వాలుతో రుద్దకు, పాత నూలు పంచెతో అద్దు. తడి తలతో మాత్రం పడుకోబెట్టకు. జలుబు వైరస్ వల్ల వస్తుంది గానీ తడి తల వల్ల రాదని డాక్టర్లు చెబుతారు. నేను అవునని తల ఊపి వస్తాను గానీ నమ్మను. పైగా తడి రింగులు దిండు మీద మళ్ళీ అట్ట కడతాయి, ఆ మాట అయినా విను. బడికి రెండు జడలు తప్పనిసరి అంటున్నారట; బిగించి వేస్తే నుదుటి దగ్గర జుట్టు పలచబడుతుంది కాబట్టి వదులుగా వేసి రిబ్బను మాత్రం గట్టిగా కట్టు.

శనివారం మీ నాన్న వస్తున్నాడు, మన పెరటి మందారాకులు తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను. సోమవారానికి వాడిపోతాయి, ఆదివారమే వాడేసెయ్యి. మొదటి పాయ చిక్కు దాని చేతే తీయించు, ఎలా తీసిందో నాకు రాయి.

మీ అత్తయ్య