డాబా వేడికి ఏ పలక మేలు?

డాబా మీద వేడిని ఆపడానికి పరిచే ఇన్సులేషన్ పలక సాంద్రత ఎక్కువున్నది వేస్తే ఇల్లు ఎక్కువ చల్లగా ఉంటుందా అని అడిగారు. ఉండదు. వేడిని ఆపేది పలకలో చిక్కుకున్న గాలి లేదా వాయువు. సాంద్రత వల్ల ప్రధానంగా వచ్చేది బరువు మోసే బలం. చూడాల్సిన అంకె ఉష్ణ వాహకత, అంటే పలక గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పేది (వాట్ / మీటర్·కెల్విన్‌లలో); అది ఎంత తక్కువైతే అంత మంచిది. పఫ్‌కు (పాలీయురేథేన్ నురుగు) సుమారు 0.023, ఎక్స్‌పీఎస్‌కు (థర్మాకోల్ జాతిదే అయిన గట్టి నురుగు పలక) 0.03, థర్మాకోల్‌కూ రాక్‌వూల్‌కూ (రాతిని కరిగించి తీసిన పోగులు) 0.035 పైచిలుకు.

అయినా డాబా మీదకు నా ఓటు ఎక్స్‌పీఎస్‌కే. ఘనపు మీటరుకు 32-35 కిలోల రకం ముక్కను రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచి చూడండి, దాదాపు ఏమీ పీల్చదు. పైన కాంక్రీటు పోసి హాయిగా తిరగవచ్చు. మామూలు థర్మాకోల్‌ను గోటితో నొక్కితేనే గుంట పడుతుంది. పఫ్ మంచిదే కానీ ఎండ తగిలితే పసుపెక్కి పొడిగా రాలుతుంది, పైన పూత తప్పదు.

జనరేటర్ గదిలాంటి నిప్పు భయం ఉన్న చోట రాక్‌వూలే వాడాలి. మిగతా మూడూ మంట అంటుకునేవే. తడిస్తే మాత్రం రాక్‌వూల్ ఉత్త తడి దుప్పటి.

అన్నట్టు, ఎక్స్‌పీఎస్‌ను చెప్పుల జిగురులాంటి ఘాటైన జిగురుతో అతికించకండి. పలకను కరిగించి తినేస్తుంది.