మైదానంలో ఉచితంగా పంచే ఎనర్జీ డ్రింక్, పద్నాలుగేళ్ల బౌలర్‌కు గుండె దడ: డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, బరువు 46 కిలోలు, ఫాస్ట్ బౌలింగ్ చేస్తాడు. మొన్న వేసవిలో మా ఊరి టోర్నీకి ఒక ఎనర్జీ డ్రింక్ డీలరు షామియానా, టీషర్టులు, కప్పులు అన్నీ తానే పెట్టుకుని, ఆడే పిల్లలకు రోజూ సీసాలు ఉచితంగా పంచాడు. అప్పటినుంచి మావాడు రోజుకు రెండు సీసాలు తాగుతున్నాడు, రెండోది సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక. రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోడు. గుండె దడదడలాడుతోందని మూడుసార్లు చెప్పాడు. తాగని రోజు తలనొప్పి అంటాడు. వద్దంటే, ‘పెద్ద పెద్ద ఆటగాళ్లే తాగుతున్నారు, నాకేమవుతుంది నాన్నా’ అంటున్నాడు. నేను టోర్నీ కమిటీలో సభ్యుణ్ణి. జిల్లా పరిషత్ హైస్కూలు మైదానంలో పెట్టే సంక్రాంతి టోర్నీకి అదే డీలరు మళ్లీ వస్తానంటున్నాడు. కాదంటే డబ్బు లేదు. ఏం చేయమంటారు?

సలహా: మీరు అడిగినవి రెండు విషయాలు, ఒకటి మీ అబ్బాయి గుండె గురించి, రెండోది మీ కమిటీ ఖర్చుల గురించి. రెండోది వైద్యుణ్ణి అడగవలసిన మాటేనా అని మీకు సందేహం కలిగి ఉండవచ్చు గాని, అది తేలకుండా మొదటిదానికి నేను ఏ చీటీ రాసినా అది మైదానం గేటు దాకానే పనిచేస్తుంది. ముందు గుండె సంగతి చూద్దాం.

పరుగెత్తి ఆడే పిల్లవాడికి దడ వచ్చినప్పుడు, కారణం కళ్లెదుట కనిపిస్తున్నా సరే, పరీక్ష చేయకుండా దాని మీదకే నెట్టేయకూడదు. ఆడుతుండగా కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, తోటి పిల్లలకు లేని ఆయాసం, మీ ఇరువైపుల కుటుంబాల్లో ఎవరైనా యాభై ఏళ్లలోపే హఠాత్తుగా చనిపోయి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్షలు పూర్తయ్యేవరకు బంతి పట్టుకోనివ్వకండి. ఇవేవీ లేకపోయినా ఒక ఈసీజీ, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు తప్పనిసరిగా చేయించండి. ఈసీజీలో తేడా కనిపిస్తే ఎకో (గుండె స్కానింగ్) పరీక్ష అవసరమవుతుంది. గుండె కండరం వంశపారంపర్యంగా మందమయ్యే జబ్బు ఒకటి ఉంది. బయటికి ఏ లక్షణమూ లేకుండా ఉండి, తీవ్రమైన ఆట మధ్యలో ప్రాణం మీదకు తెచ్చేది అదే. మీ అబ్బాయికి అది ఉందని నేను అనడం లేదు, లేదని తేల్చుకోవాలని మాత్రమే అంటున్నాను.

ఇక మీరు రాసిన లక్షణాలు, అంటే నిద్ర పట్టకపోవడం, దడ, తాగని రోజున తలనొప్పి, ఈ మూడూ కలిసి చూపిస్తున్నది కాఫీ, టీలలో కూడా ఉండే కెఫీన్ వైపే. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఈ రకం పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చు. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా, రెండు సీసాల్లో 150 దాకా చేరుతుంది. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దును 46 కిలోలకు వర్తింపజేస్తే వచ్చేది 138. అంటే ఇంట్లో తాగే టీని లెక్కలోకి తీసుకోకుండానే మీవాడు హద్దు దాటుతున్నాడు. పైగా ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి ఇంచుమించు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరున్నరకు తాగిన సీసాలో సగం రాత్రి పదకొండున్నరకు ఇంకా అతని రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. నిద్ర రాకపోవడం అతని మొండితనం కాదు.

మామూలుగా అయితే కెఫీన్‌ను రెండు వారాల్లో క్రమంగా తగ్గించమని చెబుతాను. దడ ఉన్నందువల్ల మీ అబ్బాయి విషయంలో అలా చెప్పను, ఈ రోజే పూర్తిగా ఆపించండి. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు, మగత ఎక్కువగానే ఉంటాయి. ఆ తరువాత తగ్గుతూ వారం, పది రోజుల్లో పోతాయి. ఆ రోజుల్లో అతన్ని మందలించకుండా, నీళ్లు ఎక్కువ తాగించి, పెందలాడే పడుకోబెట్టండి. తలనొప్పి మరీ బాధిస్తే బరువును బట్టి పారాసిటమాల్ మోతాదు మీ దగ్గరలోని వైద్యుణ్ణి అడిగి వేయండి.

‘ఎనర్జీ’ అన్న మాట దగ్గరే మనందరం మోసపోతున్నాం. ఆ సీసాలో శక్తి అనదగ్గది చక్కెర ఒక్కటే. ఈ రకాల్లో చాలావాటిలో 250 మిల్లీలీటర్లకు 17 నుంచి 27 గ్రాముల వరకు ఉంటుంది. పెద్దవాళ్లకైనా అదనపు చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కెఫీన్ ఇచ్చేది శక్తి కాదు, అలసటను కప్పిపెడుతుంది. ఫాస్ట్ బౌలింగ్ చేసే పెరిగే వయసు పిల్లలకు ఇది ప్రత్యేకంగా ప్రమాదం, ఎందుకంటే ఓవర్లు ఎక్కువైనప్పుడు నడుము వెన్నుపూసలో సన్నటి పగుళ్లు వచ్చేది వాళ్లకే. ఆ పగుళ్ల నుంచి కాపాడే మొదటి హెచ్చరిక ‘ఇక చాలు’ అని ఒళ్లు చెప్పే మాట. ఆ మాట వినపడకుండా చేసి మరో నాలుగు ఓవర్లు వేయించడం శక్తినివ్వడం ఎలా అవుతుంది?

ఎండలో ఆడే పిల్లవాడికి మరి ఏమివ్వాలి అంటారా? గంటలోపు ప్రాక్టీసుకు నీళ్లు చాలు, ప్రతి ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు, దాహం వేసేదాకా ఆగకుండా. మే నెల ఎండలో రెండు మూడు గంటలు ఆడే రోజున ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, చిటికెడు ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, దొరికితే కొబ్బరినీళ్లు సరిపోతాయి. ఆటకు రెండు గంటల ముందు రాగిజావ తాగించి పంపండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే కనిగిరి వైపు నుంచి వచ్చి ఆడే జట్లుంటే వాళ్లకు మంచినీళ్ల క్యాన్లు పెట్టించడం కమిటీ బాధ్యత. మంచినీళ్లు లేని చోటనే పిల్లలు రంగునీళ్లకు చేయి చాస్తారు. ఓఆర్ఎస్ వాంతులు, విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను భర్తీ చేసే మందు, రోజువారీ ప్రాక్టీసుకు పానీయం కాదు. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడైన తియ్యటి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిలిపివేసింది. పేరు చూసి కాదు, వెనక ఉన్న చిన్న అక్షరాలు చూసి కొనండి.

ఆ చిన్న అక్షరాల ప్రస్తావన వచ్చింది గనుక, మీ అబ్బాయి తాగే సీసాను ఒకసారి తిప్పి చూడండి. ఇది పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని దాని మీద రాసి ఉంటుంది, అలా రాయాలన్నది మన దేశపు నిబంధన. పిల్లలకు తగదని తానే ముద్రించుకున్న సరుకును, పిల్లల టోర్నీలో, పిల్లల చేతికి, ఉచితంగా అందించారన్న మాట. ఇక్కడితో నా పని మందుల నుంచి మీ కమిటీ వైపు మళ్లుతోంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా చిన్ననాటి జ్ఞాపకం ఒకటి కారణం. నేను ఒంగోలులో బడికి వెళ్లే రోజుల్లో ఒక టోర్నీలో మాకు తెల్లటి టోపీలు పంచారు. ముందువైపు సిగరెట్ పేరు. పదేళ్ల పిల్లలం ఆ టోపీలు రెండేళ్లు పెట్టుకు తిరిగాం, మా ఇళ్లలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు. మాది బ్యారన్లనే వేడి గదుల్లో పొగాకు ఆకును ఆరబెట్టి, వేలం కేంద్రాల్లో అమ్మి ఇళ్లు నడుపుకునే జిల్లా, ఆ రైతులను అనడానికి నాకు నోరు రాదు. అప్పట్లో దేశమంతా అలాగే ఉండేది. 1996 ప్రపంచ కప్ పేరే ఒక సిగరెట్ పేరు మీద విల్స్ వరల్డ్ కప్. ఆ దశకంలో భారత జట్టు చొక్కాల మీద ఉన్నదీ ఆ పేరే. 2001లో ఆ సిగరెట్ కంపెనీ క్రికెట్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది, 2003లో వచ్చిన చట్టం పొగాకు ప్రచారాన్ని, ఆటలకు ఆ పేరుతో డబ్బివ్వడాన్ని నిషేధించింది. పొగాకు పోతే క్రికెట్ చితికిపోతుందని అన్నవాళ్లున్నారు. ఆ తరువాత క్రికెట్‌లోకి వచ్చిన డబ్బు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఖాళీ అయిన ఆ చోటులోకి ఎవరు వచ్చారన్నది కూడా చూడాలి. శీతల పానీయాలు వచ్చాయి. పాన్ మసాలా కంపెనీలు యాలకుల పొట్లం బొమ్మతో అదే పేరు చూపిస్తూ వచ్చాయి. మద్యం కంపెనీలు సోడా పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో వచ్చాయి. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటల కంపెనీ ఒకటి జాతీయ జట్టు చొక్కా మీదకే ఎక్కి, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాకే దిగింది. అదే ఏడాది మార్చిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఐపీఎల్ పెద్దలకు లేఖ రాస్తూ, పొగాకు, మద్యం ప్రకటనలను, మారుపేర్లతో వచ్చేవాటితో సహా, మైదానాల్లోనూ ప్రసారాల్లోనూ ఆపాలని కోరవలసి వచ్చింది. కంపెనీలు ఇంత డబ్బు దానధర్మాలకు పెట్టవు. టీవీలో ప్రకటన వస్తే మీ అబ్బాయి అది ప్రకటన అని గుర్తుపట్టి మొహం తిప్పుకోగలడు. తను గెలిచిన కప్పు మీద, తను ఇష్టపడి వేసుకున్న టీషర్టు మీద, తన కోచ్ చేత్తో అందించిన సీసా మీద ఉన్న పేరును అతను ప్రకటనగా చూడడు, తన ఆటలో భాగంగా చూస్తాడు. ఆ డీలరు కొన్నది ఆ చూపునే.

‘పెద్ద ఆటగాళ్లు తాగుతున్నారు’ అన్న మాటకు జవాబు మీ నోటి నుంచి కంటే ఆటగాళ్ల నుంచే వస్తే వింటాడు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాక ఒక కోలా కంపెనీ ప్రకటనను, ఆ పానీయాలు ఆరోగ్యానికి మంచివి కావని చెప్పి, కాదన్నాడు. క్రికెట్‌లా కోట్లు రాలే ఆట కాదది, అప్పటికి ఆయనకు అకాడమీ కూడా లేదు. తాను తాగని దానిని ఇతరులను తాగమని చెప్పలేనంటూ విరాట్ కోహ్లీ 2017లో ఒక కోలా ఒప్పందాన్ని కొనసాగించలేదు. ప్రకటనలో సీసా ఎత్తినవాళ్లందరూ ఇంట్లోనూ అదే తాగుతారనుకోనక్కరలేదని మీ అబ్బాయికి చెప్పండి. అతనికి ఆ తేడా అర్థం కాని వయసు కాదు.

సంక్రాంతి టోర్నీ విషయంలో మీ చేతిలో ఒక ఆధారం ఉంది, బహుశా కమిటీలో ఎవరూ దానిని చూసి ఉండరు. పాఠశాల పిల్లల ఆహారంపై ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మడం, ప్రచారం చేయడం, ఉచితంగా ఇవ్వడం కుదరదు. మీ మైదానం హైస్కూలుది. ప్రధానోపాధ్యాయుల వారికి ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతి పత్రంలోనే ఈ షరతు రాయించండి. అప్పుడు కాదన్నది మీరు కాదు, నిబంధన అవుతుంది. ఊరిలో డీలరుతో మొహమాటం ఉన్న మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు.

డబ్బు మాటకొస్తే, మన ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు ఎలా జరుగుతున్నాయో మీకు తెలుసు. మొదటి బహుమతి ఫలానావారి తండ్రి జ్ఞాపకార్థం, రెండోది ఫలానా రైతు సోదరులది, భోజనాలు మరొకరివి. ఒక్క కంపెనీ లేకుండా లక్షల రూపాయల పోటీలు ఆ పద్ధతిలో నడుస్తున్నప్పుడు, పిల్లల క్రికెట్‌కు అదే పద్ధతి పనికిరాదనడానికి నాకు కారణం కనిపించదు. కప్పు ఒకరు, టీషర్టులు ఒకరు, మజ్జిగ ఒకరు అని ముక్కలు చేసి అడగండి, మొత్తం ఖర్చు ఒక్కరిని అడిగినప్పుడే డీలరు తప్ప ఎవరూ మిగలరు. దీనికి ప్రభుత్వ స్థాయిలో కూడా దారి ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు పన్ను నుంచి వచ్చిన డబ్బుతో ఒక ఆరోగ్య సంస్థను పెట్టి, క్రీడా సంఘాలు సిగరెట్ కంపెనీల నుంచి తీసుకునే సొమ్మును దానితో భర్తీ చేసింది. మన దగ్గర అటువంటిది వస్తుందో రాదో గాని, అందాకా మీ కమిటీ ఆగలేదు కదా.

డీలరు తెలివైనవాడైతే, ‘సరే, మంచినీళ్ల సీసాలే ఇస్తాను, ఫ్లెక్సీ మాత్రం నాది’ అంటాడు. నా అభిప్రాయం అడిగితే వద్దనే చెబుతాను, ఎందుకంటే పిల్లల కంటపడేది నీళ్లు కాదు, ఫ్లెక్సీ మీది పేరు. ఆయన సొంత పేరుతో, సరుకు పేరు లేకుండా చందా ఇస్తే సంతోషంగా తీసుకోండి. ఇదే కొలత మా వృత్తికీ వర్తింపజేయండి. ఉచిత వైద్య శిబిరమంటూ మైదానంలో నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అక్కరలేని పరీక్షలు రాసే ఆసుపత్రులు వస్తే వాటినీ గేటు బయటే ఆపండి.

ఈసీజీ ఈ వారంలోనే తీయించి, దానితో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఫలితాలను ఈ శీర్షికకు పంపండి. అవి చూసేవరకు నెట్స్‌లో తేలికపాటి బ్యాటింగ్, ఫీల్డింగ్ చేయవచ్చు, రనప్‌తో బౌలింగ్ వద్దు. ఈలోగా ఆడుతూ పడిపోయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు దడ కొన్ని నిమిషాలకు మించి తగ్గకపోయినా నా జవాబు కోసం చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.