ఉన్న కంప్యూటరు పారెయ్యక్కర్లేదండీ
(పాఠకుల ప్రశ్నలకు పాలకొల్లు కంప్యూటర్ మెకానిక్ జవాబులు)

ప్రశ్న: 2015లో కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి, 11 దీనికి ఎక్కదు అని వస్తోంది. ఇంటర్ చదివే మావాడు "లైనక్స్ వేద్దాం, ఫ్రీ" అంటున్నాడు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏం మెలిక ఉంటుందోనని భయం. – ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: అనుమానం మంచిదేనమ్మా. ముందు విండోస్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మిషన్ ఆగిపోదు. కానీ ఇకమీదట బయటపడే లోపాలకు మరమ్మతు రాదు కాబట్టి దాంట్లో బ్యాంకు పనులు చేసుకోవద్దు. ఇక 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. మీది అందుకే ఎక్కడం లేదు.

ఇప్పుడు మెలిక సంగతి. లైనక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్ని నడిపించే ప్రోగ్రామే. మన మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, మీకు తెలిసే ఉంటుంది. పండిన దాంట్లోంచి విత్తనం తీసి దాచుకోవచ్చు, పక్క చేను ఆయనకి నాలుగు కుంచాలు ఇవ్వొచ్చు, ఎవరూ అడగరు. హైబ్రిడ్ విత్తనమైతే ఏటా సంచి కొనాల్సిందే. లైనక్స్ స్వర్ణ లాంటిది. ఎలా తయారైందో మొత్తం బయటే ఉంటుంది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. మెలిక ఒకటుంది: మీరు మార్చి పదిమందికి ఇస్తే, వాళ్లకీ అదే హక్కు ఇవ్వాలి. నాకైతే ఈ మెలిక నచ్చింది.

లైనక్స్‌లో చాలా రకాలున్నాయి. మీ ల్యాప్‌టాప్‌కి లైనక్స్ మింట్ అనేదాంట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం చాలు. స్టార్ట్ మెనూ కింద ఎడమ పక్కనే ఉంటుంది, కొత్తగా నేర్చుకునేది తక్కువ. ఫైలు దాదాపు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మీవాణ్ణి రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమనండి. మామూలుగా కాపీ చేస్తే పనిచెయ్యదు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ (కంపెనీని బట్టి మారుతుంది) నొక్కుతూ ఉంటే పెన్‌డ్రైవ్ ఎంచుకోమంటుంది. లోపల ఏదీ చెరగకుండా మింట్ అక్కణ్ణుంచే నడుస్తుంది. వైఫై పట్టిందా, పాట వినపడిందా, ప్రింటర్ కదిలిందా చూడండి. పెన్‌డ్రైవ్ కదా, కొంచెం నిదానంగానే ఉంటుంది, దాన్ని చూసి బెంగపడకండి. వారం రోజులు అలాగే వాడండి. ఇన్‌స్టాల్ బొమ్మ మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు.

ఎందుకింత చెబుతున్నానంటే, 2012లో ఒక రొయ్యల చెరువు ఆయనకి సరదాగా వేసిపెడదామని వెళ్లి, "డిస్క్ మొత్తం చెరిపి" అన్నచోట చూసుకోకుండా నొక్కేశాను. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు మొత్తం పోయాయి. ఆయన ఒక్క మాట అనలేదు, కాఫీ కూడా ఇప్పించారు. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లాల్సొస్తే కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతాను. కాబట్టి ఫొటోలు, పట్టాదారు కాగితాల స్కాన్లు ముందు వేరే డ్రైవ్‌లోకి తీసి, అక్కడ తెరిచి చూసుకుని, అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యండి.

మీవారు లెక్కలు టాలీలో రాస్తుంటే మాత్రం విండోస్ తియ్యొద్దు, అది విండోస్ కోసం చేసింది. రెండూ పక్కపక్కనే ఉంచుకోవచ్చు. ఇంకో మాట, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్క్ వేయిస్తే వచ్చే వేగం ఏ లైనక్సూ ఇవ్వదు.

ప్రశ్న: శుభలేఖల డీటీపీ షాపు మాది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వాడతాం. లైనక్స్‌కి మారిపోవచ్చా? – భీమవరం

జవాబు: వద్దు. మాఘమాసం ముహూర్తాల్లో అసలు వద్దు. అను అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేనిచోట మీ పాత శుభలేఖలన్నీ పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఆ మిషన్‌ని నెట్ తీసేసి అలాగే ఉంచండి. రెండో మిషన్ ఉంటే దాంట్లో లైనక్స్ వేసి, ఇంక్‌స్కేప్ అనే డిజైన్ ప్రోగ్రాంలో యూనికోడ్ ఫాంట్లతో ఒక పుట్టినరోజు కార్డు చేసి చూడండి. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ ఫాంట్లు ఉచితమే. ఒత్తులు బాగానే కూర్చుంటాయి. మీ చేతివేగం మాత్రం కొన్నాళ్లు పోతుంది, అది ఒప్పుకోవాలి.

ప్రశ్న: లైనక్స్ పాడైతే ఎవర్ని అడగాలి? దీనికి యజమాని ఎవరు? – రిటైర్డ్ మాస్టారు, నరసాపురం

జవాబు: ఒక్క యజమాని లేడు మాస్టారూ. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకం మొదలుపెట్టారు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి కెర్నల్, అంటే లోపలి ఇంజను, రాశారు. ఆ రెండూ కలిశాయి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాంట్లో ఉన్నదీ ఆ లైనక్స్ కెర్నలే. ఇక పాడవడం సంగతి: మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంటుంది, మొదటిరోజే ఆన్ చెయ్యండి. అప్‌డేట్ వికటిస్తే నిన్నటి స్థితికి తీసుకెళుతుంది. మీ ఫొటోలు, ఉత్తరాలు మాత్రం అది దాచదు, వాటికి విడిగా కాపీ ఉండాలి.

ప్రశ్న: మా మేనల్లుడు డెబియన్ అనే లైనక్స్ వేసిచ్చాడు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఏమీ పడటంలేదు. కొత్త కీబోర్డు కొన్నా అంతే. – రాజోలు

జవాబు: కీబోర్డుకేం కాలేదండీ. పక్కవాళ్లకి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అక్కడ చుక్కలు కూడా చూపించదు. మింట్‌లో అయితే చూపిస్తుంది. కొట్టేసి ఎంటర్ నొక్కండి. కీబోర్డు బిల్లు ఉంటే మాత్రం ఇవాళే వెనక్కి పట్టుకెళ్లండి.