ప్రార్థిస్తున్నా మందు మానలేకపోతున్నాను, ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం లేనట్టేనా?

తమ్ముడూ, వందనాలు. నీకు 34 ఏళ్లని రాశావు. నాకు 47, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నువ్వు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయనగరంలో ఉంటున్నావు, బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. రాత్రి ఒక క్వార్టర్‌తో మొదలైంది ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణికి, అప్పుడు కూడా పడాల్సి వస్తోంది. మందిరంలో మూడుసార్లు ఒట్టు పెట్టుకుని మూడుసార్లూ తప్పావు. ఆసుపత్రికి వెళ్తానంటే సంఘంలో ఒక పెద్ద "దేవుడి మీద నమ్మకం లేదా" అన్నాడు. మీ అత్తగారు ఎక్కడో ఒక పొడి కొని, నీకు తెలియకుండా కూరలో కలపమని నీ భార్యకు ఇచ్చింది. ఆ అమ్మాయి కలపలేక నీకే చూపించింది. దేవుడు నన్ను వదిలేశాడా అని చివర్లో అడిగావు.

నా కథ తర్వాత చెప్తాను. ముందు రెండు మాటలు విను.

ఆ పొడి పారేయండి. అలా రహస్యంగా అమ్మే పొడుల్లో ఏముంటుందో కొన్నవాళ్లకు తెలియదు. కొందరి ఇళ్లల్లో ఇలా కలిపేది డైసల్ఫిరామ్ అనే మందు. అది కడుపులో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు రాసి, మనకు తెలిసి మింగితే అది మంచి మందే, నేనూ వాడాను. తెలియకుండా పెడితే మాత్రం విషంతో సమానం. నీ భార్య దాన్ని కలపకుండా నీకు చూపించింది చూడు, ఆ అమ్మాయికి నువ్వు ఎంతో రుణపడి ఉన్నావు.

రెండోది, దయచేసి నాలుగో ఒట్టు పెట్టుకుని రేపటి నుంచి ఇంట్లో ఒక్కసారిగా ఆపేయకు. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే నీ ఒంటికి అది అలవాటు దాటిపోయింది. అలాంటివాళ్లు ఉన్నట్టుండి మానేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, నా ఒంటి మీదకు వచ్చింది.

మాది పాతపట్నం దగ్గర పల్లె. మహేంద్రతనయ ఏరు దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు మా అమ్మ మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పింది. వారం తిరక్కుండా నాన్న సైకిలేసుకుని ఏరు దాటి వెళ్లడం మొదలుపెట్టాడు. 1997లో నిషేధం ఎత్తేసే నాటికి ఆయనకు పచ్చకామెర్లు వచ్చి ఉన్నాయి. ఆ తర్వాత రెండేళ్లే బతికాడు. ఆయన్ని మట్టి చేసి వచ్చిన రోజు, నేను ముట్టనని అమ్మకు మాటిచ్చాను.

ఆ మాట నాలుగేళ్లు కూడా నిలబెట్టుకోలేదు. పలాసలో వ్యాన్ డ్రైవర్‌గా కుదిరాను. జీడిపిక్కల బస్తా 80 కేజీలుంటుంది. ఒక్కోసారి హమాలీలు రాకపోతే నేనూ మోసేవాణ్ణి. ఒళ్లు నొప్పులకని మొదలైంది. ఆ తర్వాత నొప్పి లేకపోయినా తాగాను. పెళ్లయ్యాక నా భార్యతో పాటు మందిరానికి వెళ్లాను, వాక్యం విన్నాను, బాప్తిస్మం తీసుకున్నాను. నిజంగానే నమ్మాను, తమ్ముడూ. నటన కాదు. నమ్ముతూనే తాగాను. డిసెంబరులో క్యారల్స్‌కి ఇంటింటికీ తిరిగేటప్పుడు డోలక్ నాదే. సంచిలో కూల్‌డ్రింక్ సీసా ఉండేది, అందులో సగం మందు. జామాకు నమిలి, లవంగం బుగ్గన పెట్టుకుని, రక్షకుడు పుట్టాడని పాడేవాణ్ణి. వాసన ఎవరికీ తెలియదనుకున్నాను. అందరికీ తెలుసని చాలా కాలం తర్వాత తెలిసింది.

ఒట్లు నేనూ పెట్టుకున్నాను. మొదటిది 11 రోజులు నిలిచింది. రెండోది శ్రమకాలపు 40 రోజులూ నిలిచింది, ఈస్టర్ సాయంత్రమే పోయింది. మూడోది 2015లో, ఒక శుక్రవారం రాత్రంతా జరిగిన ప్రార్థనలో. ఏడ్చి, అందరి ముందు ఇంక ముట్టనన్నాను. శనివారం మధ్యాహ్నానికి మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాను. ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం చేతిలో నిలవలేదు. ఆ రాత్రి గోడ నిండా చీమల బారులు కనిపించాయి. వాటిని చేత్తో తుడుస్తూనే ఉన్నాను. చనిపోయిన నాన్న గుమ్మం ముందు సైకిల్ స్టాండ్ వేస్తున్నాడు, ఆ చప్పుడు కూడా వినిపించింది.

దయ్యం పట్టిందన్నారు. నలుగురు నన్ను అదిమిపట్టి ప్రార్థన చేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ప్రేమతోనే చేశారు. కానీ ఆ గుంపులో మా సంఘానికే చెందిన ఒక ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే నర్సు) అక్క లేకపోతే నేను ఈరోజు నీకు జవాబు రాసేవాణ్ణి కాదు. "ఇది దయ్యం కాదు, మందు ఒక్కసారి ఆపితే ఇలాగే అవుద్ది. ప్రార్థన బండిలో చేద్దురుగాని, ముందు ఎక్కించండి" అని గట్టిగా అరిచింది. డెబ్బై కిలోమీటర్లకు పైగా ప్రయాణం, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లవారుతోంది. దారంతా ప్రార్థన చేస్తూనే ఉన్నారట. నాకు గుర్తులేదు.

అక్కడ చేసిన వైద్యం సంగతి నీకు తెలియాలి, భయం తగ్గుతుంది. నరాలను శాంతపరిచే మాత్రలు ముందు ఎక్కువగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. బీ1 విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. తాగేవాళ్లకు అది బాగా తగ్గిపోయి జ్ఞాపకశక్తి దెబ్బతింటుందట. మా వాళ్లు ముందు గ్లూకోజు ఎక్కించమని గొడవ చేస్తే, బీ1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ప్రమాదమని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

ఇప్పుడు మీ సంఘ పెద్ద అన్న మాటకు వస్తాను. ఆయన్ని తప్పుపట్టను. కానీ మంచి సమరయుడి ఉపమానం నెమ్మదిగా ఇంకోసారి చదువు. దారిలో కొన ప్రాణంతో పడి ఉన్నవాణ్ణి చూసి ఆ సమరయుడు ఏం చేశాడు? గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్లవాడి ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. కట్టు, బండి, పడక, ఖర్చు. నువ్వూ వెళ్లి అలాగే చేయమని ప్రభువే చెప్పాడు. ఆ కథ రాసిన లూకాను పౌలు "ప్రియమైన వైద్యుడు" అని పిలిచాడు. ఆసుపత్రికి వెళ్లడం అవిశ్వాసమైతే ఈ మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలి?

అయితే ఒక విషయం దాచకూడదు. ఆసుపత్రి నా ఒంట్లో మందును కడిగింది గానీ, నేను దాచుకునే గుణాన్ని కడగలేదు. ఇంటికొచ్చిన ఐదో వారం, మా బావ ఇంటి గృహప్రవేశంలో మళ్లీ తాగాను. మళ్లీ జామాకు, మళ్లీ లవంగం.

అప్పుడు మా సంఘంలో ఒక పెద్దాయన, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, రోజూ సాయంత్రం ఆరింటికి మా అరుగు మీదకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. నా గండం ఆరు నుంచి ఎనిమిది మధ్యేనని మా ఆవిడ ఆయనకు చెప్పిందట. ప్రసంగాలు చేసేవాడు కాదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చేవాడు. వలుచుకుంటూ పట్టాలు, రైళ్లు, వర్షాకాలంలో కట్ట తెగితే రాత్రంతా ఎలా పనిచేశారో చెప్పేవాడు. లేచి వెళ్లేముందు మాత్రం "ఈరోజు పడిందా, లేదా? ఒక్క మాట చెప్పు. అబద్ధం మాత్రం ఒద్దురా" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నమే తాగి, సాయంత్రం లేదన్నాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి, ఏమీ అనకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తిట్టినా బాగుండేది. తెల్లవారి ఐదింటికి నేనే ఆయన ఇంటికి వెళ్లాను. నిన్న తాగాను, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. అదే మొదటిసారి, తమ్ముడూ. పదమూడేళ్లలో ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ నిలదీయకుండా, నా అంతట నేను తాగానని ఒక మనిషితో చెప్పడం అదే మొదటిసారి. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి "ప్రభువా, వీడు నిజం చెప్పాడు" అని ఒక్క మాట ప్రార్థన చేశాడు. తర్వాత వాళ్లావిడ టీ ఇచ్చింది.

మందు మానిన రోజులు నేను లెక్కపెట్టుకునేది ఆ ఉదయం నుంచే. 2016 ఫిబ్రవరి. వెలుగులో నడిస్తే ఒకరితో ఒకరికి సహవాసం ఉంటుందని యోహాను రాసిన మాట, మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థించండని యాకోబు రాసిన మాట ఎన్నోసార్లు విన్నాను. నేనేమో ఎప్పుడూ దేవుడొక్కడితోనే ఒప్పుకునేవాణ్ణి. గదిలో, చీకట్లో. మనిషికి చెప్పేవాణ్ణి కాదు. ఒట్టు అందరి ముందు పెట్టాను, పడిపోవడం మాత్రం ఒక్కణ్ణే పడ్డాను. నువ్వు రాసిన మూడు ఒట్ల సంగతి చదివితే నాకు అదే కనిపించింది. ఒట్టు వేసిన మర్నాడు నిన్ను అడిగే మనిషి ఉన్నాడా? ఆ సంగతి నువ్వు ఎక్కడా రాయలేదు.

ఆ వారమే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఈసారి మా ఆవిడతో. రక్తపరీక్ష చేసి, కాలేయం, గుండె చూసి, నేను ఒప్పుకున్నాకే ఆ డైసల్ఫిరామ్ రాశారు. ఆఖరిసారి తాగిన వెంటనే వేసుకోకూడదు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. కొన్ని దగ్గు టానిక్కుల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి చూసుకోమన్నారు. ఎనిమిది నెలలు రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక మా ఆవిడ నా అరచేతిలో మాత్ర పెట్టేది. ఆమె చూస్తుండగా మింగేవాణ్ణి. ఆ పొడిలో ఉండేది, ఈ మాత్రలో ఉండేది ఒకటే కావచ్చు. ఒకటి నన్ను మోసం చేసి ఇచ్చేది, ఇంకొకటి నేను చెయ్యి చాచి అడిగి తీసుకున్నది.

నీ స్నేహితులు యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కానా పెళ్లి గురించి, తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాసిన దాని గురించి ఎత్తుతారు. నాతో మా బావ వాదించినట్టే. నిజమే, ఆ మాటలు బైబిల్లో ఉన్నాయి, లేవని అనొద్దు. అన్నిటిలో నాకు స్వాతంత్ర్యం ఉంది గానీ దేనికీ లోబడనని రాసింది కూడా ఆ పౌలే. ఒక గుక్కతో ఆగగలిగేవాడు ఆ వాదన చేసుకోవచ్చు. నాకు మొదటి గుక్క తర్వాత రెండోది నా చేతిలో ఉండదు. ప్రభువు బల్లలో మా సంఘంలో ద్రాక్షపళ్ల రసమే వాడతారు. మీ దగ్గర వైన్ వాడితే అయ్యగారికి ముందే చెప్పు, ఆయన అర్థం చేసుకుంటారు.

ఇప్పటికీ కష్టంగా ఉండే రోజులు ఉన్నాయి. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయల క్వార్టర్ వచ్చాక, టీ, టిఫిన్‌కి అయ్యే డబ్బులతోనే అది దొరికిపోతోంది. పెళ్లిళ్లకు భోజనం వేళకే వెళ్తాను, తిని వచ్చేస్తాను. వ్యాన్ ఖాళీగా తిరిగొచ్చే రాత్రులు ఇంకా భయమే, అప్పుడు ఫోన్ చేస్తాను. ఆ పెద్దాయన మూడేళ్ల క్రితం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఏఎన్ఎం అక్కకే చేస్తాను. మన సంఘం వాళ్లకే చెప్పుకోవడం ఇబ్బందైతే ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలు ఉన్నాయి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలబడి మొదలుపెట్టారు. అది క్రైస్తవ సంస్థ కాదు, కానీ అక్కడ కూడా పని మొదలయ్యేది నిజం ఒప్పుకోవడంతోనే.

దేవుడు వదిలేశాడా అని అడిగావు. చేయాలనుకున్న మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని రోమా పత్రికలో ఏడ్చింది అపొస్తలుడైన పౌలే. ఆయన్ని దేవుడు వదిలేయలేదు. నా సంగతి నేను చెప్పగలను. నేను మతి తప్పి చీమలు తుడుచుకుంటున్న రాత్రి ఆ గుంపులో ఒక నర్సు ఉంది. నేను అబద్ధాలాడుతున్న నెలల్లో రోజూ ఆరింటికి ఒక ముసలాయన వచ్చాడు. నీకు కూడా, కూరలో పొడి కలపలేకపోయిన మనిషి ఇంట్లోనే ఉంది.

రేపు పొద్దున ఆమెను వెంటబెట్టుకుని విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మానసిక వైద్యుడు ఎక్కడని అడుగు. రోజుకు ఎంత తాగుతున్నావో, ఆఖరిసారి ఎప్పుడు తాగావో తగ్గించకుండా చెప్పు, ఆ లెక్కతోనే వాళ్లు మాత్ర ఎంతివ్వాలో చూస్తారు. ఈ రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మందు మానేవాళ్ల కోసం 14446, మనసు బాగోకపోతే 14416, రెండూ ఉచితమే. ఈలోపు వణుకు ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా పొద్దుటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయమని నీ భార్యకు ఇప్పుడే చెప్పి ఉంచు.

ఏ టైముకి బయల్దేరుతున్నారో నాకు రాయి. ఆ టైముకి నేనూ, మా ఆవిడా మోకాళ్ల మీద ఉంటాం. వచ్చాక డాక్టరు ఏమన్నాడో కూడా రాయి. తాగి వెళ్లినా, తాగకుండా వెళ్లినా ఉన్నదున్నట్టు రాయి.